అభ్యంతరాలకు జవాబు ఏది?

2022 మే నెలలో వరంగల్ చుట్టుపక్కల 27 గ్రామాల రైతులు రోడ్డెక్కాకే ల్యాండ్ పూలింగ్ ఆగింది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 21 వేల ఎకరాలకు పైగా సమీకరించాలన్న ప్రతిపాదనను కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ ‘కుడా’ వెనక్కి తీసుకుంది. ఏడాది తిరక్కముందే ఏ భూమిని దేనికి వాడాలో నిర్ణయించే కామారెడ్డి, జగిత్యాల పట్టణాల మాస్టర్ ప్లాన్ ముసాయిదాలకూ అదే గతి పట్టింది. 2023 జనవరిలో అక్కడి పురపాలక పాలకవర్గాలే రద్దు తీర్మానాలు చేశాయి.

ముసాయిదా పెట్టి అభ్యంతరాలు చెప్పమనడం మంచిదే. చెప్పే వీలు కల్పించకపోవడంతోనే వస్తోంది చిక్కంతా. ఆఫీసు గోడకు రంగుల పటం అతికిస్తారు. ఊదా రంగు అంటే పరిశ్రమల జోన్ అని చెప్పే మనిషి అక్కడుండడు. రైతు పాస్‌బుక్కులో 214/అ/2 అని ఉంటే పటంలో ఒట్టి 214 కనిపిస్తుంది. ఆ నంబరులో పదిమంది వాటాదారులుంటే రోడ్డు ఎవరి మడిలోంచి పోతుందో గట్టు మీద నిలబడ్డా తేలదు. గడువేమో యాసంగి నాట్ల మధ్య ముగుస్తుంది. ‘అభ్యంతరాలు పరిశీలించాం’ అన్న ఒక్క వాక్యంతో దస్త్రం మూసేస్తే, ఏ దరఖాస్తు ఎందుకు తోసిపుచ్చారో ఇచ్చినవాడికే తెలియదు.

పద్ధతి తెలియక కాదు. ఓపెన్‌కాస్టు గనుల ప్రజాభిప్రాయ సేకరణకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వర్తిస్తుంది. దాని ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి, సభను వీడియో తీయాలి. అభిప్రాయాల నమోదును అక్కడే చదివి వినిపించి, అదే రోజు కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి సంతకం చేయాలి. లేవనెత్తిన అంశాలకు తుది నివేదికలో గని తవ్వే సంస్థ సమాధానం చెప్పాలి. టెంట్ల కింద నడిచే ఆ సభల తతంగం గురించి మాకేమీ భ్రమల్లేవు. అయినా ఈ రెండు నిబంధనలు, అంటే చదివి వినిపించడం, జవాబు రాయడం, మాస్టర్ ప్లాన్లకూ పెట్టాలి. దరఖాస్తు నంబరు, సబ్‌డివిజన్‌తో సహా సర్వే నంబరు, నిర్ణయం, కారణం: ఈ నాలుగు గడుల పట్టిక పంచాయతీ గోడ మీద కనిపించాలి.

పథకం పూర్తయ్యాక చేసే మదింపు సంగతి ఇంకా అన్యాయం. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం పెట్టిన ఒక్క రూపాయికి 1.51 రూపాయల ప్రయోజనం తెస్తుందన్నారు. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నివేదిక దాన్ని 52 పైసలుగా తేల్చింది. ఏటా అయ్యే ఖర్చు తక్కువ చేసి, ప్రయోజనాలు ఎక్కువ చేసి చూపారన్నది కాగ్ మాట. అప్పటికే ఆ పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగి నాలుగు నెలలు. ఎత్తిపోతల లెక్కలో కరెంటు యూనిట్ ధర ఎంత, ఎకరాకు దిగుబడి ఎంత అని ఏం అనుకున్నారో శంకుస్థాపనకు ముందే తెలుగులో ప్రచురిస్తే, ఆ అంకెలను నిలదీయడానికి ఇంజినీర్లే అక్కర్లేదు, మోటారు బిల్లు కట్టే రైతు చాలు.

ఇంకొకటి ఉంది. పథకానికి ముందు ఆయకట్టు గ్రామాల్లో బావుల నీటిమట్టం, యాసంగి సాగు ఎకరాలు కొలిచి పెట్టుకోకపోతే తర్వాత పెరిగింది పథకం వల్లనో, మంచి వాన వల్లనో విడదీయలేం. ఆ కొలతలకు, మూడో ఏడాది తిరిగి కొలవడానికి అయ్యే డబ్బును అంచనా వ్యయంలోనే వేరే పద్దుగా చూపాలి. కొలిచే బాధ్యత మాత్రం కట్టిన శాఖకు ఇవ్వకూడదు.