సవరణ: 125 వాట్లంటే అంతటితో ఆగదు

కిందటి పోస్టులో ఇంటెల్ కోర్ ఐ9-13900కె అనే కంప్యూటర్ ప్రాసెసర్ చిప్ "125 వాట్లకు మించి తాగదు" అని రాశాను. తప్పు. ఆ 125 బేస్ పవర్, అంటే బేస్ వేగంలో నడిచేటప్పటి లెక్క మాత్రమే. టర్బోలో, అంటే చిప్ వేగం పెంచుకుని నడిచేటప్పుడు, ఇంటెల్ పెట్టిన పరిమితే 253 వాట్లు, కొన్ని మదర్‌బోర్డులు దాన్ని కూడా ఎత్తేసే వస్తాయి. నా లెక్క నమ్మి చిన్న పవర్ సప్లై ఎంచుకున్నవాళ్లు మళ్లీ ఒకసారి చూసుకోండి.

ఇంకోటి. చిప్ పాడయ్యేది వేడి వల్లేనని తేల్చిపారేశాను, వోల్టేజీ ఊసే ఎత్తకుండా. స్విచింగ్‌కి, అంటే చిప్‌లోని ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవడానికి ఖర్చయ్యే పవర్ వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది: అదే వేగంలో 1.2 వోల్టుల నుంచి 1.4కి తీసుకెళ్తే దాదాపు 36 శాతం ఎక్కువ. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు క్రాష్ అవుతుంటే ఇంటెల్ చివరికి పట్టుకున్నదీ అవసరానికి మించిన వోల్టేజీనే. 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ (చిప్ లోపలి పనితీరును సరిచేసే చిన్న ప్రోగ్రామ్), చిప్ 1.55 వోల్టులకు మించి అడగకుండా అడ్డుకుంటుంది.

ఈ మైక్రోకోడ్ వచ్చేది బయాస్ (మదర్‌బోర్డులో ఉండే మొదటి ప్రోగ్రామ్) అప్‌డేట్‌తో. ఆ అప్‌డేట్ చేస్తే పాడైన చిప్ కూడా బాగవుతుందని ఒకరికి ధీమాగా చెప్పాను. అవదు. అప్పటికే దెబ్బతిన్నదాన్ని వారంటీలో మార్పించుకోవడమే. ఆ జవాబు తీసేశాను.