సవరణ: సంతాన చికిత్సలో తక్కువ మోతాదు ఆస్పిరిన్

"ఐవీఎఫ్ చేయించుకునేవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ మేలు చేస్తుంది" అని ఇదివరకు రాసిన వాక్యాన్ని తొలగిస్తున్నాను. (ఐవీఎఫ్ అంటే అండాలను బయటికి తీసి, ఫలదీకరించి, పిండాన్ని గర్భాశయంలో పెట్టే చికిత్స.) అది చదివి కడపలో ఒక సోదరి డాక్టరును అడగకుండానే మందుల షాపులో 75 మిల్లీగ్రాముల మాత్రల స్ట్రిప్పు కొనుక్కున్నానని రాశారు కనుక, ఈ వివరణ ఆలస్యం కాకూడదు.

ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలను) అతుక్కోనివ్వదు గనుక గర్భాశయానికి రక్తం బాగా అంది పిండం నాటుకుంటుందన్న ఆలోచన సబబుగానే తోస్తుంది గాని, ఐవీఎఫ్‌లో అందరికీ ఇచ్చి చూసిన పరీక్షలను కలిపి పరిశీలిస్తే కాన్పులు పెరిగినట్టు రుజువు కాలేదు. 2014లో వెలువడిన అమెరికా అధ్యయనం ‘ఈగర్’లో, ఐవీఎఫ్‌తో నిమిత్తం లేకుండా, ఒకటి రెండుసార్లు గర్భం పోయిన స్త్రీలకు రోజుకు 81 మిల్లీగ్రాములు ఇచ్చినా మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కాకపోతే అంతకుముందు ఏడాదిలోపు, 20 వారాలు నిండకముందే, ఒక్కసారి మాత్రమే గర్భం పోయినవారిలో కొంత మేలు కనబడింది.

యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (రోగనిరోధక వ్యవస్థ లోపంతో రక్తం అతిగా గడ్డకట్టే జబ్బు) వల్ల పదేపదే గర్భం పోయేవారి సంగతి వేరు. వారికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ మందుతో కలిపి ఆస్పిరిన్ ఇవ్వడం స్థిరపడిన వైద్యమే. సొంతంగా వాడుతున్నవారు అండాలు తీసే రోజుకు ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే అండాలు తీయడానికి సూది గుచ్చుతారు, ఈ మందు రక్తస్రావాన్ని పెంచగలదు. డాక్టరు రాసిచ్చినవారు మాత్రం ఇది చదివి తమంతట తాము మానవద్దు.