‘నో’కి తెలుగు లేదట!

వాట్సాప్ గ్రూపుల్లో ఈ ముక్క తెగ తిరుగుతోంది: “ఇంగ్లిష్‌లో ‘నో’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. తెలుగులో దానికి సరైన మాటే లేదు. అందుకే మనకు కాదనడం చేతకాదు.” మూడు వాక్యాలు, మూడింటిలోనూ తప్పుంది.

ముందు మాట లేదన్న సంగతి. ఆ మెసేజ్ రాసినాయనే ‘లేదు’, ‘కాదనడం’, ‘చేతకాదు’ అని వరసగా వాడేశాడు! హోటల్లో “నో కర్డ్” అన్నది సర్వర్ అయితే పెరుగు లేదని, మనమైతే పెరుగు వద్దని. గిన్నెలోకి తొంగిచూసి ఇది పెరుగు కాదు, మజ్జిగ అనాలంటే మళ్ళీ ఇంకో రకంగా చెప్పాలి. వద్దు, లేదు, కాదు అంటే అన్నది ఎవరో చూడక్కర్లేదు, విషయం తెలిసిపోతుంది. ఇక ‘రాను’ చూడండి. వచ్చేది లేదనడం, ఆ అనేది నేనేననడం, రెండూ రెండక్షరాల్లో ఇమిడిపోయాయి. ఇంగ్లిష్‌లో ‘ఐ వోంట్ కమ్’ అనాలి.

‘నో’ ఒక్కటే, సూటి అన్నదీ అంతే. ‘నో పార్కింగ్’లో అది కూడదు. ‘నో ప్రాబ్లెమ్’లో ఫర్వాలేదు. నోబాల్‌లో బంతి పడనే పడింది, బ్యాటింగ్ జట్టుకు ఊరికే ఓ పరుగు కూడా వచ్చింది. పుట్టుకలోనూ అది ఒక్కటి కాదు. జవాబుగా చెప్పే ‘నో’ పాత ఇంగ్లిష్ ‘నా’ నుంచి వచ్చింది, ఎప్పుడూ కాదని దాని అర్థం. పార్కింగ్ ముందు తగిలించేది ‘నాన్’ నుంచి, అంటే ఒక్కటీ కాదని. ఒకప్పుడు ‘నే’ అని మరో మాట కూడా ఉండేది. ‘వచ్చాడా?’ అంటే ‘నే’, ‘రాలేదా?’ అంటే ‘నో’. 16వ శతాబ్దంలో బైబిల్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన టిండేల్ ఈ తేడా పాటించలేదని ఆ కాలపు రచయిత థామస్ మోర్ తప్పుపట్టాడు కూడా.

ఈ ‘రాలేదా?’ రకం ప్రశ్నతో నేనూ ఓసారి ఇరుక్కున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్త. ఫోన్లో అమెరికా మేనేజరు “డిడింట్ యూ సెండ్ ద ఫైల్?” అన్నాడు. అవును, పంపలేదు అనే లెక్కలో “యెస్” అన్నాను. ఆయన పంపాననుకున్నాడు. పాపం, సాయంత్రం దాకా మెయిల్ చూసుకుంటూ కూర్చున్నాడు.

మన మొహమాటం నిజమే. ‘చూద్దాం’ అంటే చాలాసార్లు కుదరదనే. మరి వాళ్ళో? ‘ఐ విల్ లెట్ యూ నో’ అంటారు. ఆ ‘నో’ వేరే, కానీ చాలాసార్లు ఫలితం ఒకటే. మా అమ్మమ్మ బియ్యం అయిపోతే ‘లేవు’ అనదు, ‘నిండుకున్నాయి’ అంటుంది. మాట రాక కాదు, ఇంట్లో ఆ మాట వినపడకూడదని. గుమ్మంలోకి దుప్పట్లు అమ్మడానికొచ్చిన వాణ్ణి మాత్రం “మాకొద్దు నాయనా” అని వాడు మూట విప్పకముందే పంపించేస్తుంది.