పునరుత్పాదక నేత

గాలి, ఎండ, బ్యాటరీ అంటూ కాలిఫోర్నియా వేసుకునే లెక్కల్లో ఒక వనరు ఎప్పుడూ కనిపించదు. అది తరగదు, పొగ రాదు, ఒక కొలువులో ఆరిపోతే ఇంకో కొలువులో వెలుగుతుంది. దాని పేరు కెవిన్ డి లియోన్.

2006లో రాష్ట్ర అసెంబ్లీ, 2010లో రాష్ట్ర సెనేట్, 2014లో ఆ సెనేట్‌కే నాయకత్వం. 2015లో ఎస్‌బీ 350 (ఎస్‌బీ అంటే సెనేట్ బిల్లు) తెచ్చారు. 2030 నాటికి సగం కరెంటు పునరుత్పాదక వనరుల నుంచి రావాలి, బండ్లు తాగే పెట్రోలు సగానికి తగ్గాలి. చమురు కంపెనీలు ప్రకటనలు గుప్పించాయి. పెట్రోలు క్లాజు ఎగిరిపోయి కరెంటు క్లాజు మిగిలింది. సగం తగ్గించాలన్న బిల్లునే సగం తగ్గించారు కాబట్టి లక్ష్యం నెరవేరిందనే అనుకోవాలి.

2018లో ఎస్‌బీ 100. 2045 నాటికి రాష్ట్రంలో జనానికి అమ్మే కరెంటంతా కార్బన్ లేనిదై ఉండాలి. ఆ గడువులోని తెలివి చూడండి. సెనేట్‌లో ఆయనకు రెండు టర్ములే, అవి 2018తో సరి. పదవి దిగే రోజుకీ, లెక్క అప్పజెప్పే రోజుకీ మధ్య 27 ఏళ్లు. మన ఎమ్మెల్యేలు మాత్రం ఐదేళ్లలో వంతెన కట్టిస్తామని చెప్పి అనవసరంగా ఇరుక్కుంటారు. అన్నట్టు, ఈ సూర్యుడి చట్టం మీద సంతకం పెట్టిన గవర్నర్ జెర్రీ బ్రౌన్‌కి డెబ్బైల నుంచీ ఉన్న మారుపేరు 'మూన్‌బీమ్', అంటే వెన్నెల కిరణం. జాతకాలు చూసేవాళ్లు పరిశీలించగలరు.

ఎకసెక్కెం పక్కన పెడితే, చట్టం ఉత్తుత్తిది కాదు. అక్కడ మధ్యాహ్నం సోలార్ కరెంటు ఎక్కువైపోయి కొంత ఉత్పత్తి ఆపేయాల్సి వస్తుంది. పొద్దు గుంకాక అందరూ ఇళ్లకొచ్చి ఏసీలు వేస్తారు, అప్పటికి ఎండ ఉండదు. 2020 ఆగస్టులో వరసగా రెండు సాయంత్రాలు కరెంటు కోత పెట్టారు. కోత అంటే ఏమిటో అక్కడి తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత పగటి కరెంటును సాయంత్రానికి దాచిపెట్టే బ్యాటరీలు పోగేశారు. 2024లో అవి 10,000 మెగావాట్లు దాటాయి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే ఇదే.

ఇల్లు చక్కబడింది గానీ, నేతగారి దీపమే రెపరెపలాడింది. 2018 సెప్టెంబరులో చట్టమైతే, నవంబరులో అమెరికా సెనేట్ సీటుకి సొంత పార్టీ సిట్టింగ్ సెనేటర్ డయాన్ ఫైన్‌స్టైన్ మీదే నిలబడి ఓడారు. మిగిలిన కరెంటు వృథా కాకూడదని 2020లో లాస్ ఏంజెలెస్ సిటీ కౌన్సిల్‌కి మళ్లించారు. 2022లో మేయర్ పదవికి పోటీ చేస్తే మొదటి రౌండులోనే మూడో స్థానం. అదే ఏడాది అక్టోబరులో ఒక రహస్య రికార్డింగు బయటపడింది. కౌన్సిల్ అధ్యక్షురాలు జాతుల గురించి నీచంగా మాట్లాడిన ఆ సమావేశంలో ఈయనా ఉన్నారు, ఈయన గొంతూ వినిపించింది. ఆమె రాజీనామా చేశారు. ఈయన క్షమాపణ చెప్పి, వైట్‌హౌస్ దిగిపొమ్మన్నా కుర్చీ వదల్లేదు. ఉద్గారాలు సున్నా చేయాలన్న నియమం తలుపులు మూసిన గదుల్లోని మాటలకు వర్తించదు కాబోలు. చివరికి 2024 నవంబరులో ఓటర్లే స్విచ్ కట్టేశారు.

ఇక అయిపోయిందని మీరు అనుకోవచ్చు. నాకైతే నమ్మకం లేదు. ఎస్‌బీ 100 గడువు ముగిసే 2045 డిసెంబరు 31కి ఆయనకు 79 ఏళ్లు. ఆయన్ని ఓడించిన రోజున ఫైన్‌స్టైన్ గారి వయసు 85.