సెలవు లేని జ్వరం

ఫ్లూ విజృంభిస్తోందన్న వార్త రాగానే ఆఫీసుల్లో ముందుగా కదిలేది సర్క్యులర్లు రాసే విభాగం. జ్వరం, దగ్గు ఉన్నవారు దయచేసి ఇంటిపట్టునే ఉండాలని నోటీసు వస్తుంది. గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా వెలుస్తుంది. దాని పక్కనే, వందలమంది ఒకరి తరవాత ఒకరు వేలు ఆనించే హాజరు యంత్రం మాత్రం యథాప్రకారం బీప్‌మంటూనే ఉంటుంది. నోటీసు చదివిన ఉద్యోగికి సెలవుల నిబంధనలు కూడా కంఠతా వచ్చు. ఒక్క రోజు రాకపోయినా డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. సెలవులు అయిపోతే జీతంలో కోత పడుతుంది. కాంట్రాక్టు మీద పనిచేసేవారికైతే కోత అన్న మాటే లేదు, రాని రోజుకు కూలి ఉండదు, అంతే. ఆ నోటీసూ ఈ నిబంధనలూ ఒకే యాజమాన్యం సంతకంతో వచ్చినవే. రెండింటిలో దేన్ని నమ్మాలో ఉద్యోగికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున్నే ఒక పారాసెటమాల్ మింగి, ఎవరికీ అనుమానం రాకుండా మాస్కు కూడా పెట్టుకోకుండా వచ్చి సీట్లో కూర్చుంటారు.

ఆ సర్టిఫికెట్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఒళ్లు కాలిపోతున్న మనిషి మంచం మీంచి లేచి, బయల్దేరి, క్లినిక్‌లో గంటా రెండు గంటలు వరసలో కూర్చోవాలి. ఆ వరసలోనే గర్భిణులుంటారు, చంటిబిడ్డలుంటారు, ఆయాసంతో వచ్చిన పెద్దవాళ్లుంటారు. ఫ్లూ సోకితే ప్రాణాల మీదికి వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది సరిగ్గా వీళ్లకే. లోపలికి వెళ్లాక డాక్టరు అడిగేది ఎప్పట్నుంచి, ఎంత జ్వరం, ఒళ్లు నొప్పులున్నాయా అని. రోగి చెబుతారు, డాక్టరు రాస్తారు. మామూలు ఫ్లూకి చాలా సందర్భాల్లో పరీక్ష కూడా చేయరు. ఉద్యోగి మాటను నేరుగా నమ్మలేని యాజమాన్యం అదే మాటను డాక్టరు చేతిరాతలో చదివితే నమ్ముతుందన్నమాట. మధ్యలో ఎంతమందికి అంటుకుందో ఏ ఫైల్లోనూ ఉండదు.

జబ్బులు ప్రబలినప్పుడల్లా జనం బెంబేలెత్తుతున్నారని, వదంతులు నమ్ముతున్నారని అధికారులూ నిపుణులూ మాలాంటి పత్రికలూ విసుక్కోవడం ఆనవాయితీ. ఆఫీసులోని భయాన్ని దగ్గర్నుంచి చూసినవారు అంత తొందరగా విసుక్కోలేరు. పక్క సీట్లో దగ్గుతున్న మనిషి నిజం చెప్పరని అందరికీ తెలుసు. చెప్పే వీలు లేదనీ తెలుసు, ఎందుకంటే రేపు తమకు జ్వరం వస్తే తామూ చెప్పరు. నిజం బయటికి రాని చోట ఊహలకు పట్టపగ్గాలుండవు. మూడో అంతస్తులో ఎవరికో పాజిటివ్ అట, ఆయన భార్యను ఆస్పత్రిలో పెట్టారట, యాజమాన్యం దాస్తోందట. భయం వల్ల దాపరికం పెరుగుతుంది, దాపరికం వల్ల భయం ఇంకా పెరుగుతుంది. వదంతులు నమ్మొద్దని మరో సర్క్యులర్ తీస్తే ఈ చక్రం ఆగదు.

వైరస్ నడక తెలిస్తే ఈ దాపరికం ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. ఫ్లూ ఒంట్లో చేరిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, ఎక్కువమందిలో రెండో రోజుకి, లక్షణాలు బయటపడతాయి. అవి కనిపించడానికి సుమారు ఒక రోజు ముందు నుంచే ఎదుటివారికి అంటించే శక్తి వస్తుంది. జబ్బుపడ్డ మొదటి మూడు నాలుగు రోజుల్లో ఆ శక్తి అన్నిటికంటే ఎక్కువ. అంటే ఇంకా ఓపిక ఉంది, ఇవాళ్టికి లాక్కొస్తాను అనుకుని వచ్చే ఆ రోజులే అసలు ప్రమాదకరమైనవి. గేటు దగ్గర నుదుటికి గురిపెట్టే జ్వరం తుపాకీ వీటిలో చాలా వాటిని పట్టుకోలేదు. జ్వరం ఇంకా రానివారు దర్జాగా లోపలికి పోతారు, జ్వరం వచ్చినవారు మాత్ర వేసుకుని పోతారు. సెక్యూరిటీ గార్డు చేతిలో ఆ పరికరం ఉందంటే ఏదో జరుగుతోందన్న ధైర్యం మాత్రం అందరికీ కలుగుతుంది. ఆ ధైర్యంతో వెళ్లి గాలి ఆడని మీటింగు గదిలో పన్నెండు మంది తలుపులేసుకుని కూర్చుంటారు.

దాపరికం పగిలి ఒకరి పేరు బయటికొచ్చిందా, ఇక ఆ మనిషే వైరస్ అయిపోతారు. వారం తరవాత పూర్తిగా కోలుకుని వచ్చినా లిఫ్టులో వాళ్లతో ఎవరూ ఎక్కరు. కుర్చీలు జరుగుతాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎవరి మీదో పడాల్సిన కోపం దొరికినవారి మీద పడుతుంది. ఆఫీసులు చేసే ఈ పనిని దేశాలు ఇంకా పెద్ద ఎత్తున చేశాయి. 2009 ఏప్రిల్‌లో కొత్త హెచ్1ఎన్1 ఫ్లూ మెక్సికోలో, అమెరికాలో బయటపడింది. దానికి స్వైన్ ఫ్లూ, అంటే పంది ఫ్లూ, అన్న పేరు అంటుకుంది. పంది మాంసం తింటే అది సోకదని, మనిషి నుంచి మనిషికి వ్యాపిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంది, ఆ పేరు వాడటం కూడా మానేసింది. అయినా దేశంలో ఒక్క కేసూ నమోదు కాకముందే ఈజిప్టు ప్రభుత్వం పందులన్నిటినీ చంపేయమని ఆదేశించింది. సుమారు 3 లక్షల పందులు పోయాయి. కైరోలో చెత్త సేకరించి బతికే జబ్బాలీన్ కుటుంబాలు తిండి వ్యర్థాలను ఆ పందులకే మేపేవి. పందులు పోయాక ఆ చెత్త వీధుల్లోనే కుళ్లింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నా, ఎలుకలైనా పోయి ఉండేవి. ఇక్కడ అదీ లేదు, జూన్ నెలలోనే ఫ్లూ ఈజిప్టుకి చేరింది. అదే సంవత్సరం, లక్షణాలేమీ లేకపోయినా తమవారిని పాస్‌పోర్టు చూసి చైనాలో నిర్బంధించారని మెక్సికో నిరసన తెలిపింది, చివరికి విమానం పంపి తన పౌరుల్ని వెనక్కి తెచ్చుకుంది.

భయపడొద్దు అన్న మాటకు కూడా తనదైన చరిత్ర ఉంది, అది ఇంకా చేదుది. 1918లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఫ్లూ అప్పటికే మొదలైంది. యుద్ధ ఖర్చుకు జనం నుంచి అప్పు సేకరించే బాండ్ల ప్రచారం కోసం సెప్టెంబరు 28న తలపెట్టిన ఊరేగింపును ఆపమని కొందరు వైద్యులు కోరారు. నగర అధికారులు ఆపలేదు. సుమారు 2 లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. మూడు రోజులు తిరిగేసరికి ఆస్పత్రుల్లో మంచాలు నిండిపోయాయి, కొన్ని వారాల్లో వేల మంది చనిపోయారు. ఆ ఫ్లూకి స్పానిష్ అన్న పేరు రావడం వెనక ఉన్నదీ దాపరికమే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్న దేశాల పత్రికలపై సెన్సారు ఉంది, తటస్థంగా ఉన్న స్పెయిన్ పత్రికలు మాత్రం ఉన్నదున్నట్టు రాశాయి. నిజం రాసిన దేశానికి జబ్బు పేరు తగిలించారు. ఆఫీసులో ముందుగా చేయెత్తి నాకు బాగోలేదని చెప్పినవారికి జరిగేదీ ఇదే.

మా వృత్తి గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. జబ్బు వార్తలు వేసేటప్పుడు పెద్దక్షరాల అంకె మొదటి పేజీకి ఎక్కుతుంది, ఆ అంకె దేనిదో వివరించే వాక్యం లోపలి పేజీకి పోతుంది. 2009 ఫ్లూలో ప్రయోగశాలల్లో నిర్ధారణ అయిన మరణాలు సుమారు 18,500. ఇంతేనా, దీనికా అంత హడావుడి అని ఆ తరవాత చాలామంది ఎగతాళి చేశారు. మూడేళ్లకు పరిశోధకులు వేసిన అంచనాలో మొదటి ఏడాది మరణాలు 1,51,700 నుంచి 5,75,400 మధ్య ఉండొచ్చని తేలింది, అందులోనూ ఎక్కువమంది 65 ఏళ్లలోపువారు. ఆ వార్త మొదటి పేజీకి రాలేదు. ఏటా వచ్చే మామూలు ఫ్లూ వల్లే శ్వాస సంబంధ సమస్యలతో 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొత్త పేరుతో వస్తే హడలిపోతాం, పాత పేరుతో వస్తే జలుబే కదా అని తుడిచేసుకుంటాం. ఇక జ్వరంతో వచ్చి ఎడిషన్ పూర్తి చేసి వెళ్లిన సహోద్యోగిని మెచ్చుకునే అలవాటు పత్రికాఫీసుల్లోనూ ఉంది, దాచుకోనక్కర్లేదు.

ఆ మెచ్చుకోలు చిన్న విషయం కాదు. ఏడాదిలో ఒక్క రోజూ సెలవు పెట్టనందుకు బడిలో పిల్లలకు బహుమతి ఇస్తారు, పెద్దయ్యాక కంపెనీ సభలో జ్ఞాపిక ఇస్తారు. ఆ ఏడాది ఫ్లూ సీజన్లో వాళ్లు ఏ స్థితిలో వచ్చారని ఎవరూ అడగరు. పైగా ఇంటి నుంచి పని అన్న వెసులుబాటు అందరికీ ఒకేలా ఉండదు. మేనేజరు దుప్పటి కప్పుకుని ల్యాప్‌టాప్‌లో మీటింగు నడిపించగలరు. నేల తుడిచేవారు, కౌంటర్లో కూర్చునేవారు, బస్సు నడిపేవారు, వంట చేసేవారు, ఆస్పత్రి వార్డుల్లో రోగుల పక్కలు మార్చేవారు అలా చేయలేరు. రోజుకు వందమందికి ఎదురుపడే ఉద్యోగాలు ఇవి. సెలవు హక్కు అన్నిటికంటే పల్చగా ఉన్నదీ వీటిలోనే.

జీతంతో కూడిన జబ్బు సెలవు కొత్త కోరికేమీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952 నాటి సామాజిక భద్రత ఒప్పందంలోనే అనారోగ్య కాలపు భృతిని చేర్చింది. జర్మనీలో జబ్బుపడ్డ ఉద్యోగికి ఆరు వారాల వరకు పూర్తి జీతం యజమానే ఇవ్వాలి. బ్రిటన్‌లో మొదటి ఏడు రోజులకు డాక్టరు చీటీ అక్కర్లేదు, ఉద్యోగి స్వయంగా రాసిస్తే చాలు. అమెరికాలో దేశమంతటికీ వర్తించే చట్టం ఇప్పటికీ లేకపోయినా 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం దారి చూపింది, తరవాత మరికొన్ని నగరాలు, రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. అలాంటి చట్టాలు వచ్చిన చోట ఫ్లూ వంటి జబ్బుల వ్యాప్తి తగ్గిందని ఆర్థికవేత్తల అధ్యయనాలు చూపాయి.

సెలవు ఇస్తే దుర్వినియోగం చేస్తారన్న వాదన ఉండనే ఉంది. కొందరు చేస్తారు, కాదనలేం. అబద్ధపు జ్వరంతో ఇంట్లో కూర్చున్న ఒకరి వల్ల కంపెనీకి ఒకరి పని పోతుంది. నిజమైన జ్వరంతో వచ్చిన ఒకరి వల్ల వారం తిరిగేసరికి సెక్షన్ మొత్తం ఖాళీ అవుతుంది. పైసా పైసా లెక్కగట్టే అకౌంట్స్ విభాగాలు ఈ రెండో లెక్క ఎందుకు వేయవో మాకెప్పుడూ అర్థం కాలేదు.

యాజమాన్యాలను మేం కోరేది పెద్దదేమీ కాదు. కనీసం మొదటి మూడు రోజులకు సర్టిఫికెట్ అడగొద్దు. ఆ రోజులకు జీతం కోయొద్దు, కాంట్రాక్టువారికీ ఇదే వర్తించాలి. జ్వరం మాత్ర వేసుకోకుండా 24 గంటలపాటు జ్వరం రాకపోతేనే తిరిగి పనిలోకి రమ్మనాలి. ఎవరికైనా ఫ్లూ అని తేలితే ఆ సెక్షన్‌లో పనిచేసేవారికి వెంటనే చెప్పాలి, పేరు మాత్రం చెప్పొద్దు. గర్భిణులు, ఆస్తమా, మధుమేహం, గుండె జబ్బులున్నవారు లక్షణాలు కనిపించగానే డాక్టరును కలవాలని ఆ కబురులోనే ఉండాలి, ఎందుకంటే ఫ్లూకి ఇచ్చే వైరస్ నిరోధక మందులు 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. వైరస్ మీద యాంటీబయాటిక్స్ పనిచేయవన్న సంగతి కూడా అందులో కలిపితే మంచిది, డ్రాయర్లలో దాచుకుని పక్కవారికి పంచేవారు ప్రతి ఆఫీసులో ఉంటారు. వైరస్ రూపం మారుతూ ఉంటుంది కనుక టీకా ఏటా వేయించుకోవాలి. ఆ ఏర్పాటు పని వేళల్లోనే, పని చోటే చేస్తే సగం బద్ధకం తీరుతుంది.

ఇవన్నీ ఆలోచించడానికి వ్యవధి కావాలంటే, ఇప్పటికే గోడకు అంటించిన ఆ నోటీసు కింద ఒక వాక్యం ఇవాళే చేర్చవచ్చు: ఈ కారణంగా రాని రోజులకు జీతం కోత ఉండదు. అది అంటించేటప్పుడు హాజరు యంత్రం ప్లగ్గు కూడా కొన్నాళ్లు పీకేసి, రిజిస్టరులో ఎవరి పెన్నుతో వారిని సంతకం పెట్టమంటే ఇంకా మంచిది.