పసుపు సున్నం పూసిన మూతి

నిన్న స్టాఫ్ రూములో మళ్ళీ అదే కథ. నా కింది పెదవి అంచున గుంపుగా లేచిన నాలుగు నీటి పొక్కులు చూసి ఒకామె "బల్లి ఉచ్చ పోసింటుంది మేడమ్" అనింది. ఇంకొకాయన "ఒంట్లో వేడి, సబ్జా గింజలు నానబెట్టుకొని తాగండి" అన్నాడు. మూడో ఆమె ఏమీ అనలేదు. నా గ్లాసు పక్కనున్న తన గ్లాసును మెల్లగా అవతలికి జరుపుకునింది. నిజానికి ముగ్గురిలో తెలివైంది ఆమే, ఇది అంటుకునేదే. జరిపినందుకు కాదు, ఆ జరిపిన తీరుకే కడుపు మండింది.

మా అనంతపురంలో దీన్ని "మూతి పేలింది" అంటాం. జ్వరం పోతా పోతా మూతి మీద గుర్తు పెట్టిపోతాదని నమ్మకం. "జ్వరం బయటికి తన్నింది, ఇంక ఫికరు లేదు" అని మా జేజి సంబరపడేది. ఆమె మాటలో సగం నిజముంది. జ్వరానికీ పొక్కుకూ సంబంధం ఉంది, కానీ బయటికొచ్చేది జ్వరం కాదు. చిన్నప్పుడు ఎవరో ముద్దు పెట్టినప్పుడు ఒంట్లో చేరిన హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం వైరస్ అది. ముఖానికి స్పర్శనిచ్చే నరానికి పుర్రె లోపల ఒక ముడి ఉంటాది, అక్కడ పోయి పడుకుంటాది. ఇంక జన్మలో ఖాళీ చెయ్యదు. జ్వరమో, నిద్ర లేకపోవడమో, నెలసరో, ఎర్రటి ఎండో తగిలినప్పుడు లేచి, అదే నరం పట్టుకొని పెదవి దాకా వస్తాది. అందుకే నాకు ఇంటర్ నుంచి ప్రతిసారీ అదే చోట లేస్తాది, కింద, ఎడమ పక్క.

హెర్పిస్ అనే పేరు వినగానే ఏదో సుఖరోగమనుకొని మొహాలు మారిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో యాభై ఏళ్ళ లోపు వాళ్ళలో 64 శాతం మందికి, అంటే దగ్గర దగ్గర 380 కోట్ల మందికి ఈ ఒకటో రకం ఉంది. చాలామందికి ఒక్క పొక్కు కూడా లేవదు, అంతే తేడా. నా గ్లాసు చూసి గ్లాసు జరుపుకున్నామెకు కూడా లోపల ఉండే ఉంటాది.

ఇప్పుడు సున్నం సంగతి చెప్పల్ల. చిన్నాయన కూతురి పెండ్లికి రెండు రోజుల ముందర నాకు మూతి పేలింది. జేజి వక్కాకు సంచిలోంచి సున్నం డబ్బీ తీసి, గోటితో ఇంత తీసుకొని, అరచేతిలో పసుపు వేసి రుద్దింది. చూస్తుండగానే ఎర్రగా తిరిగింది. "ఇట్ల రా అమ్మీ" అని గెడ్డం పట్టుకొని పూసింది. నేను సైన్సు టీచర్ని. ఏడో తరగతికి పసుపు కాగితం మీద సున్నపు నీళ్ళు వేయించి, "ఎర్రబడిందంటే ఏంది అర్థం? క్షారం!" అని అరిచి చెప్పేదాన్ని. ఆ క్షారాన్నే మూతికి పూయించుకొని కూర్చున్నా. పిల్లోళ్ళు చూసింటే నవ్వి సచ్చేవాళ్ళు. పొద్దున్నకి పొక్కులు మాడి, చుట్టూ ఉన్న మంచి తోలు కూడా కాలి, పావలా బిళ్ళంత నల్ల మచ్చ. పెండ్లి ఫోటోలన్నిట్లో నోటికి అడ్డం కొంగు పెట్టుకొని సిగ్గుపడే పెండ్లికూతురు నేనే అన్నట్టున్నా. జేజి మాత్రం "చూస్తివా, రెండు రోజుల్లో ఎండిపోయ" అని గొప్పలు.

నా కోపమంతా ఇక్కడే. ఈ పొక్కు ఏమీ చేయకున్నా వారం, పది రోజుల్లో దానంతట అదే మానిపోతాది. కాబట్టి ఐదో రోజున ఏది పూస్తే దానికే పేరొస్తాది. సున్నం పూసినోళ్ళు సున్నం అంటారు, టూత్‌పేస్టు పూసినోళ్ళు టూత్‌పేస్టు అంటారు, బి కాంప్లెక్స్ మాత్రలు మింగినోళ్ళు అవి అంటారు. బి కాంప్లెక్స్ మూతి మూలలు పగిలినప్పుడు పనికొస్తే రావచ్చు, అదీ విటమిన్ తక్కువై పగిలింటేనే. ఈ వైరస్‌కు దాంతో పనే లేదు. నోటి లోపల వచ్చే పూత ఇంకోటి, అది అంటుకోదు కూడా. మూడింటినీ ఒకే గాట కట్టి ఒకటే మందు చెప్తారు.

ఇంటి వైద్యమంతా దండగ అనట్లేదు. గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పెడితే మంట, వాపు తగ్గుతాయి. కొబ్బరినూనో నెయ్యో రాస్తే పక్కు పగలకుండా మెత్తగా ఉంటాది. లేకుంటే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ముందర పెట్టుకొని నోరు తెరిచినప్పుడు పక్కు చీలి, బజ్జీ కారం ఆ చీలికలో పడితే... ఆ నరకం నాకు తెలుసు. నూనె డబ్బాలో వేలు పెట్టొద్దండి, స్పూనుతో కొంచెం తీసుకోండి. పూసినాక చెయ్యి సబ్బుతో కడుక్కోండి. ఆ చేత్తో కన్ను నలిపితే వైరస్ కంటిగుడ్డుకు ఎక్కొచ్చు. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకుంటే ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి పోవల్ల.

జేజికైనా చదువు లేదు, మందుల షాపాయనకు ఏమైంది? ఒకసారి మూతి చూపిస్తే రెండో మాట అడక్కుండా ఒక ట్యూబు చేతిలో పెట్టినాడు. ఇంటికొచ్చి చిన్నక్షరాలు చదివితే స్టెరాయిడ్. చర్మంలో రోగంతో పోట్లాడే శక్తిని అణిచే మందు అది. వైరస్ ఉన్నచోట ఒట్టి స్టెరాయిడ్ పూయడమంటే దొంగకు తాళం చేతికివ్వడమే. ఆ పూట పొక్కులు నాలుగు కాస్తా పదయినాయి.

దీనికి సరైన మందు ఎసైక్లోవిర్. దాన్ని తెచ్చింది అమెరికా శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్ బృందం. ఆమెకు పీహెచ్‌డీ లేదు, 1988లో నోబెల్ వచ్చింది. ఈ ముక్క మా ఆడపిల్లలకు ప్రతి ఏడాదీ చెప్తా. అయితే ఆ మందు కూడా మహిమ కాదు. పొక్కు లేచేముందు పెదవి చిమచిమలాడతాది చూడండి, ఆ పూటే మొదలుపెట్టి రోజుకు ఐదుసార్లు పూస్తే ఒక అరరోజో రోజో ముందుగా మానుతాది. ఆ పూటను మనం సున్నానికి, బల్లికి, సబ్జా గింజలకు ఇచ్చేస్తాం. ఏడాదికి ఆరేడు సార్లు వచ్చేవాళ్ళకు, రెండు వారాలైనా మాననివాళ్ళకు, షుగరో కీమోనో ఉన్నవాళ్ళకు మాత్రలు ఉన్నాయి, డాక్టరు రాసిస్తాడు.

నాకు అన్నిటికన్నా పనిచేసింది ముఖానికి కట్టుకునే గుడ్డ, ఎండ ఆపే లిప్ బామ్. మార్చి ఎండలు మొదలైనాక కూడా గార్లదిన్నె దాకా స్కూటీ మీద పోయి వచ్చేదాన్ని, ఈ ఎండ సంగతి చెప్పాల్సిన పని లేదు. ఇంకొకరు చెనిక్కాయలు మానెయ్యమన్నారు, వాటిలో ఉండే ఆర్జినిన్ అనే పదార్థం వైరస్‌కు బలమంట. ప్రయోగశాల గాజు పళ్ళెంలో అది నిజమే గానీ, మనుషుల్లో రుజువు అంతంతమాత్రమే. అనంతపురంలో పుట్టి చెనిక్కాయ ఊరిబిండి మానే బదులు మూతి పేలినా నయం.

రెండు నెలల కింద మా తమ్ముడి బిడ్డను తొట్టెల్లో వేసిన రోజు కూడా నాకు మూతి పేలే ఉండింది. గడప దగ్గరే నిలబడినా. నెల నిండని పసిగుడ్డుకు ఈ వైరస్ తగిలితే మెదడుకు, కాలేయానికి ఎక్కి ప్రాణం మీదికొస్తాది. మన పొక్కు వాళ్ళకు పొక్కు కాదు. పెద్దమ్మ అందరి ముందర "మేనత్తవై ఉండి బిడ్డను ముద్దు పెట్టుకోవా, ఆడబిడ్డ పుట్టిందనా?" అనింది. ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. వాకిట్లోకి పోయి ఏడ్చినా.

ఈ ఆదివారం పాపకు మూడో నెల నిండుతాది. ఈ పొక్కులు అప్పటికి పక్కు కడతాయి గానీ ఊడవు. మరదలికి ఫోన్ చేసి, పక్కు ఊడినాకే వస్తానంటే, "సరే వదినా, పెద్దమ్మకు నేను చెప్పుకుంటాలే" అని, ఒక్క క్షణం ఆగి, "నాకు నిన్నట్నుంచి పెదవి చిమచిమ అంటాంది, ఆ ట్యూబు పేరేంది?" అనింది.