సోల్ ఊడిన ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూకి నేను రెడీ కాలేదని మాత్రం ఎవురూ అనలేరు. పదైదు రోజులు రెడీ అయినా. అనంతపురంలో ఒక డ్రిప్ పైపుల డీలర్ దగ్గర అకౌంట్స్ అసిస్టెంట్ కావాలంట, బీకాం చాలంట, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వచ్చుండాలంట అని పక్కింటి మామ చెప్పినప్పటి నుంచి గుత్తిలో మా ఇంట్లో వేరే మాటే లేదు. బెంగళూర్లో ఉండే మా బావ రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి మాక్ ఇంటర్వ్యూ పెట్టేవాడు, గొంతు మార్చుకోని "ప్లీజ్ కమిన్" అంటాడు, వెనకాల మా అక్క కుక్కర్ ఆపమని అరుస్తాంటాది.

బావ మాత్రం మంచి మాటలే చెప్పినాడు, అది ఒప్పుకోవాల. "నీ గురించి చెప్పు అంటే పుట్టింది గుత్తి, పెరిగింది గుత్తి అని మొదలుపెట్టొద్దురా, ఇప్పుడేం చేస్తాండావు, ఏం నేర్చుకున్యావు, ఈ పనికి ఎట్ల పనికొస్తావు, రెండు నిమిషాల్లో ముగించెయ్. వీక్‌నెస్ ఏంది అంటే నేను పర్ఫెక్షనిస్ట్ అని మాత్రం అనొద్దు, పొద్దున్నుంచి వచ్చినోళ్లందరూ అదే చెప్పింటారు. వాళ్ల వ్యాపారం గురించి రొంత చదువుకోని పో." అట్లనే చదివినా. టీడీఎస్ పన్ను కట్టేది 7వ తేదీ, జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 11వ తేదీ, 3బీ 20వ తేదీ అని తెల్లారుజామున మిద్దె మీద తిరుగుతా చదువుతాంటే మా జేజి మా యమ్మను లేపి "పిల్లోనికి గాలి సోకినట్టుందే, ఒంటరిగా తిరుగుతా ఇంగిలీసు మాట్లాడతాండాడు" అని చెప్పి ఉప్పు మిరపకాయలతో దిష్టి తీపిచ్చింది. ఆ ఘాటుకు దగ్గొచ్చి ఆ పూట జీఎస్టీ అయిపాయె.

చొక్కా గుడ్డ పామిడిలో తీసుకోని కుట్టిచ్చినాం. ఇంక బూట్లు. బూట్లకేం, మా ఇంట్లో ఉండాయి కదా! 2017లో అక్క పెండ్లికి 1,800 పెట్టి కొన్న నల్ల బూట్లు. అప్పుడే మా జేజి "కాళ్లకేసుకునే మెట్లకు అంత దుడ్డా" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రిసెప్షన్‌లో ఒక్క పూట యేసుకున్యా, అంతే, మా యమ్మ వాటిని పేపర్లో చుట్టి పెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కిచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఉగాదికీ పెట్టె దించడం, పైన దుమ్ము తుడవడం, మళ్లీ ఎక్కిచ్చడం. పెట్టె మూత తీసినోళ్లు లేరు. ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి తీసి పాలిష్ కొట్టినా, మొగం కనపడేంత వరకూ కొట్టినా. పైన కొట్టినా. కింద ఎవురు చూస్తారు చెప్పండి.

పొద్దున ఎనిమిదికి బస్సెక్కినా, టైము పదకొండుకు, గుత్తి నుంచి యాభై కిలోమీటర్లు, కావాల్సినంత టైమ్ ఉంది. పామిడి దాటినాక పక్క సీటు పెద్దాయన నా కాళ్ల కింద చూసి "ఏం నాయనా, నల్ల నువ్వులు సంచి చినిగిందా" అన్నాడు. చూస్తే నిజంగానే నల్లగా పలుకులు పలుకులుగా పడిండాయి. నావి కాదన్నా. ఎవురో ముందెక్కినోళ్లవి అనుకున్యా.

అనంతపురం బస్టాండులో దిగినాక కుడికాలు అరటిపండు తొక్కినట్టు మెత్తగా ఉండాది. ఇంకొన్ని అడుగులు వేసినాక ఎడంకాలు కూడా. పక్కకు పోయి కాలెత్తి చూస్తే మడమ దగ్గర సోలు, ఎట్ల చెప్పాలంటే, టీలో ఎక్కువ సేపు ముంచిన బిస్కెట్ ఉంటాది కదా, అట్లుంది. వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. కొత్త బూట్లు! ఒక్క పూట యేసుకున్న బూట్లు! చుట్టూ చెప్పులంగళ్లు ఉంటాయి కదా కొనుక్కోవచ్చు కదా అంటారేమో, టైము పది దాటింది, జేబులో తిరుగు ఛార్జీ, ఆటో ఖర్చు, టీ ఖర్చు పోను నూటయాభై ఉంది, పైగా నల్ల ప్యాంటు తెల్ల చొక్కా టక్ చేసుకోని హవాయి మెట్లతో పోయేదా? ఆటో ఎక్కినా, ఎక్కేటప్పుడు కుడి మడమ ఆటోలోనే ఉండిపోయింది. నేను దిగినాక తెలిసింది.

ఆఫీసులో తెల్ల టైల్స్. అదేం ఖర్మో, అద్దం మాదిరి తుడిచిపెట్టిండారు. గేటు నుంచి రిసెప్షన్ దాకా నేను నడిచిన దోవంతా చీమలు బారు కట్టినట్టు నల్లగా. ఒక కాలు టక్ అంటాది, ఇంకో కాలు పట్ అంటాది. బాత్రూంలోకి పోయి రెజ్యూమె ఫైలుకు వేసిన రబ్బరు బ్యాండ్లు రెండూ తీసి బూట్లకు వేసినా, బొటనవేలి దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి. బయటికొస్తే ఊడ్చే అమ్మ చీపురు పట్టుకోని నిలబడింది. ఆ గీత ఎక్కడ మొదలైందో చూసింది, ఎక్కడ ఆగిందో చూసింది, నన్ను చూసింది. "నువ్వేనా నాయనా?" అనింది. నేనే అన్నా. ఏం అనలేదు, నా వెనకాలే ఊడ్చుకుంటా వచ్చింది, నేను ఆగితే ఆగేది, నడిస్తే నడిచేది, పెండ్లికొడుకు వెనక తోడిపెండ్లికొడుకు మాదిరి.

లోపల ముగ్గురు. ఓనరు సారు, మేనేజరు, సీఏ మేడమ్. కుర్చీలో కూర్చోని కాళ్లు లోపలికి మడిచిపెట్టుకున్యా. మొదటి రెండు నిమిషాలు బావ చెప్పినట్టే తడుముకోకుండా చెప్పేసినా. డ్రిప్ మీద జీఎస్టీ ఎంత అని మేడమ్ అడిగింది, 2025 సెప్టెంబరు 22 నుంచి 12 పోయి 5 శాతం అయింది మేడమ్ అన్నా. ఆమె తలూపింది. ఓనరు సారు రెజ్యూమె తిప్పి "డిగ్రీ అయినాక మూడేండ్లు గ్యాప్ ఉందే, ఏం చేస్తాన్నావు?" అన్నాడు. గ్రూప్-2కి చదువుతాంటి సార్ అన్నా. అప్పుడే, సరిగ్గా అప్పుడే, కుడికాలి రబ్బరు బ్యాండ్ తెగి టప్‌మని మేనేజరు ప్యాంటుకు తగిలింది.

ఆయన బల్ల కిందికి వంగినాడు. వంగినాయన లేయలేదు. తర్వాత మేడమ్ వంగింది. ఓనరు సారు కుర్చీ వెనక్కి జరుపుకోని మరీ వంగినాడు. అనుకోని ప్రాబ్లం వస్తే ఎట్ల హ్యాండిల్ చేసినావు అనే క్వశ్చన్‌కి కాలేజీలో ప్రాజెక్టు ఫైలు కరప్ట్ అయిన కథ ఒకటి రెడీ చేసుకోని ఉంటి, అది నోట్లోనే ఉండిపోయింది. ఇంక దాచేదేముంది, 2017 నుంచి అటక దాకా, ఆటోలో మడమ దాకా మొత్తం చెప్పేసినా, ఇంగ్లీషు ఎప్పుడు పోయిందో తెలీదు, అచ్చం గుత్తి బస్టాండు భాషలోనే చెప్పినా.

మేడమ్ నవ్వు ఆపుకోని "సరే, ఈ బూట్లు మన కంపెనీ అసెట్ అనుకో. ఒక్కసారే వాడినావు. డిప్రిసియేషన్ వేస్తావా, వెయ్యవా?" అనింది.

"వేస్తా మేడమ్. వాడితేనే తరగాలని లేదు, ఊరికే పెట్టినా కాలం గడిచేకొద్దీ తరుగుతాది. కంప్యూటరు మాదిరి ఏటా 40 శాతం వేసింటే ఈపాటికి బుక్కులో పెద్దగా ఏమీ మిగిలుండేది కాదు" అన్నా.

"ఇప్పుడు కొంటే జీఎస్టీ ఎంత?"

"2,500 దాకా 5 శాతం మేడమ్. ఆ పైన 18."

"స్క్రాప్ వ్యాల్యూ?" అన్నాడు మేనేజరు, ప్యాంటు దులుపుకుంటా.

నేను చెప్పేలోపల ఊడ్చే అమ్మ తలుపు తీసి లోపలికొచ్చి, పేపర్లో చుట్టిన నల్ల ముద్దొకటి బల్ల మీద పెట్టి "ఆటో ఆయప్ప తెచ్చిచ్చినాడు సార్, ఈ పిల్లోనిదంట" అనింది.

వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు బూట్లు చూపిస్తే ఆయన చేతిలోకి తీసుకోని చూసి "పీయూ అని ఒక రకం ప్లాస్టిక్ సోలు నాయనా, గాలిలో తేమ తగిలి లోపల్లోపలే చస్తాది. యేసుకోని తిరిగింటే ఇంకొన్నేండ్లు వచ్చేది, దాచిపెట్టి చంపినారు" అన్నాడు. పైభాగం బాగుంది, కొత్త సోలు వేస్తే 450 అన్నాడు. జేబులో నూటయాభైయే కదా, బూట్లు ఆయన దగ్గరే వదిలి 90కి హవాయి మెట్లు కొనుక్కోని, టక్ తీసేసి, ఉన్న చిల్లరతో సగం ప్లేటు ఉగ్గాని బజ్జి తిని బస్సెక్కినా. ఇంట్లో చెబితే మా యమ్మ నమ్మలేదు, పెట్టె మీద ఒక్క మరక లేదు కదా అనింది.

గురువారం ఫోన్ వచ్చింది, సోమవారం జాయిన్ అవమని. మా యమ్మ ముందు రోజే కొత్త శాండిల్స్ కొనిపిచ్చి, వాటి పెట్టెను దాచుకోవడానికి చేయి చాపింది, నేనియ్యలేదు. సోమవారం పొద్దున గేటు దగ్గరే ఊడ్చే అమ్మ ఎదురొచ్చింది. నమస్తే అమ్మా అన్నా. ఆమె నా మొగం చూడలేదు, కాళ్లు చూసింది, నా వెనకాల టైల్స్ చూసింది, చీపురు గోడకానిచ్చి అప్పుడు "పో నాయనా" అనింది.